ముదిరిన మొలలకు శస్త్రచికిత్స: తొలి పక్షం నొప్పి, తరువాతి ఏళ్ల నెమ్మది

మొలలకు చేసే శస్త్రచికిత్సల్లో ఏది మేలన్న ప్రశ్నకు వైద్య సాహిత్యంలో శతాబ్దానికి పైగా జవాబులు వస్తూనే ఉన్నాయి గాని, అవన్నీ ఒకే ప్రశ్నకు చెప్పిన జవాబులు కావు. ఆపరేషన్ తరువాతి రెండు వారాల్లో రోగి పడే నొప్పిని కొలబద్దగా పెట్టుకున్న పరిశోధనలు ఒక పద్ధతిని మెచ్చుకుంటే, రెండేళ్లు గడిచాక మొలలు మళ్లీ జారుతున్నాయా లేదా అని చూసినవి మరొక పద్ధతివైపు మొగ్గాయి. ఈ రెండు కొలబద్దలనూ కలగలిపి చూడటం వల్లనే కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ పాత ఆపరేషన్‌కు కాలం చెల్లిందన్న మాట వినిపించడం, కొన్నేళ్లు తిరిగేసరికి ఆ మాటను సవరించుకోవలసి రావడం జరుగుతున్నాయి. మందులతో, పీచు ఎక్కువగా ఉండే ఆహారంతో, రబ్బరు బ్యాండు బిగించడం వంటి చిన్న ప్రక్రియలతో లొంగని ముదిరిన మొలల విషయంలో ఈ జవాబులను పక్కపక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

మొలలు శరీరంలో కొత్తగా పుట్టే కంతులు కావు. మలద్వార నాళంలో ప్రతి మనిషికీ ముఖ్యంగా మూడు చోట్ల, అంటే ఎడమ పక్కన ఒకటి, కుడివైపు ముందు ఒకటి, కుడివైపు వెనుక ఒకటి చొప్పున, రక్తనాళాలతోనూ మృదుకండర పోగులతోనూ నిండిన మెత్తలు సహజంగానే ఉంటాయి. 1975లో బ్రిటిష్ శస్త్రవైద్యుడు థామ్సన్ ప్రచురించిన పరిశీలనలు ఈ సంగతిని స్థిరపరచిన తరువాత, మొలల జబ్బు అంటే ఈ మెత్తలను గోడకు పట్టి ఉంచే పోగులు సడలి, అవి కిందికి జారి, రక్తంతో ఉబ్బడమేనన్న అవగాహన బలపడింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు మలద్వారాన్ని మూసి ఉంచే ఒత్తిడిలో 15 నుంచి 20 శాతం వరకు ఈ మెత్తలదే. గాలినీ నీళ్ల విరేచనాన్నీ ఆపుకోగల సామర్థ్యంలో వీటికి పాత్ర ఉంది కాబట్టి, మొలలను ఎంత ఎక్కువగా తీసివేస్తే అంత మంచిదన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

జబ్బు తీవ్రతను చెప్పడానికి ప్రపంచమంతటా వాడుతున్నది లీడ్స్ నగరపు శస్త్రవైద్యుడు గోలిగర్ పేరు మీద నిలిచిన వర్గీకరణ. రక్తం పడటమే గాని మొల బయటికి రానిది మొదటి దశ. ముక్కినప్పుడు బయటికి వచ్చి దానంతట అదే లోపలికి పోయేది రెండవ దశ. వేలితో నెడితే తప్ప లోపలికి పోనిది మూడవ దశ. నెట్టినా నిలవకుండా బయటే ఉండిపోయేది నాలుగవ దశ. వాడుకకు ఇది సులువే గాని, ఎన్ని మెత్తలు జారాయో, వెలుపలి చర్మం కూడా వేలాడుతున్నదో లేదో ఇందులో నమోదు కాదు. ఒకే ఒక మొల జారిన రోగీ, మలద్వారం చుట్టూ వలయంగా మొలలు కమ్ముకున్న రోగీ ఒకే మూడవ దశ కింద లెక్కకు వస్తారు. ఆపరేషన్లను పోల్చే పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఈ ముతక కొలత ఒక ముఖ్య కారణం.

శరీర నిర్మాణంలో మరొక్క సంగతి తెలిస్తే ఆపరేషన్ల చరిత్ర అంతా సుబోధకమవుతుంది. మలద్వార నాళంలో పళ్ల వరుసలా కనిపించే దంతుర రేఖ అనే సరిహద్దు ఉంది. దానికి పైనున్న శ్లేష్మపొరకు కోత, సూది వంటి వాటి నొప్పి దాదాపు తెలియదు. దానికి కిందనున్న పొర మాత్రం వేలికొనలకు దీటుగా స్పర్శనూ నొప్పినీ పసిగడుతుంది. రేఖకు కింద గాయం చేసే ఆపరేషన్లు నొప్పి పుట్టిస్తాయి. రేఖకు పైనే పని ముగించే ఆపరేషన్లు నొప్పి తక్కువగా ఉంచుతాయి గాని, రేఖకు కింద ఉన్న జబ్బును తాకకుండా వదిలేస్తాయి. గత ముప్పై ఏళ్లలో వచ్చిన కొత్త పద్ధతుల బలమూ బలహీనతా ఈ ఒక్క వాస్తవం నుంచే పుట్టాయి.

కోసి తీసివేసే పద్ధతుల్లో చాలా కాలం మెప్పు పొందినది 1882లో వైట్‌హెడ్ వివరించిన ఆపరేషన్. మొలలున్న శ్లేష్మపొరను వలయం మొత్తంగా తీసివేసి, పై పొరను కిందికి లాగి కుట్టడం ఇందులోని పని. సరిగా కుదరనిచోట ఎర్రని శ్లేష్మపొర వెలుపలికి తిరగబడి ఎప్పుడూ చెమ్మగా ఉండటం, లేదా మలద్వారం ఇరుకైపోవడం జరిగేది. ఆ వికృతికి వైట్‌హెడ్ పేరే స్థిరపడిపోయింది. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన మిలిగన్, మోర్గాన్ తదితరులు 1937లో ప్రకటించిన పద్ధతి అందుకు భిన్నమైన మెళకువ మీద నిలబడింది. మూడు మొలలనూ విడివిడిగా పట్టి, చర్మం అంచు నుంచి కోత మొదలుపెట్టి, లోపలి సంవరణి కండరాన్ని, అంటే మలద్వారాన్ని మన ప్రమేయం లేకుండానే బిగించి ఉంచే వలయాకారపు కండరాన్ని, తెల్లని పోగులుగా కంటికి కనబడేవరకు వేరుచేసి పక్కకు తప్పించి, మొల మొదట్లో రక్తనాళపు కాడను కుట్టి ముడివేసి తీసివేస్తారు. గాయాలను కుట్టకుండా వదిలేస్తారు. రెండు గాయాల మధ్య చర్మమూ శ్లేష్మపొరా చెడకుండా మిగలాలి. ఆ వంతెనలు కనీసం ఒక సెంటీమీటరు వెడల్పయినా లేకపోతే గాయాలు మానేటప్పుడు ఒకదానితో ఒకటి కలిసి ద్వారాన్ని బిగించేస్తాయి. ఈ ఆపరేషన్ నేర్పు కోయడంలో కన్నా మిగల్చడంలోనే ఎక్కువగా ఉంది.

గాయాన్ని తెరిచి ఉంచడం వల్లనే ఇంత నొప్పి అన్న భావనతో అమెరికాలో ఫెర్గూసన్, హీటన్ 1959లో గాయాన్ని అంచు నుంచి అంచుకు కుట్టివేసే మూసిన పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. మానడం కొంత త్వరగా జరుగుతుందన్న ఫలితం చాలా పోలికల్లో కనబడినా, కుట్లు కొన్నిసార్లు విడిపోతాయి. తిరగబెట్టడంలో గాని, ఆపుకునే శక్తిలో గాని రెండింటి మధ్య ఎంచదగ్గ తేడా తేలలేదు. అమెరికాలో ఒకటి, బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ మరొకటి ఎక్కువగా నిలవడానికి ఆధారాల కన్నా గురుశిష్య పరంపరే కారణమనిపిస్తుంది. తరువాత వచ్చిన లైగాష్యూర్ వంటి పరికరాలు విద్యుచ్ఛక్తితోనూ ఒత్తిడితోనూ రక్తనాళాన్ని అతికించి, అదే పట్టులో కోస్తాయి. కుట్టు అవసరం ఉండదు, చుట్టుపక్కల కణజాలానికి వేడి అంతగా పాకదు. 2009 నాటి కోక్రేన్ సమీక్ష 12 పరిశోధనల్లోని 1,142 మంది వివరాలను కలిపి చూసినప్పుడు, మొదటి రోజు నొప్పి స్పష్టంగా తక్కువని, ఆపరేషన్ సమయం సుమారు 9 నిమిషాలు తగ్గిందని, పద్నాలుగో రోజుకు మాత్రం నొప్పిలో తేడా మిగలలేదని తేలింది. ఈ పరికరం పాత ఆపరేషన్ సూత్రాన్ని మార్చకుండా దాన్ని తేలిక చేసింది కాబట్టి, దీని విషయంలో భంగపాటు రాలేదు. అడ్డంకి ఖర్చే, ఒకసారి వాడి పారవేయవలసిన పట్టుకారు ధర సామాన్య రోగికి బరువవుతుంది.

కోసి తీసివేసే ఆపరేషన్‌కు రోగులు భయపడటానికి కారణం అందరికీ తెలిసినదే. రెండు మూడు వారాల పాటు, ముఖ్యంగా మొదటి విరేచనాల సమయంలో, నొప్పి తీవ్రంగా ఉంటుంది. కొందరికి ఆ రాత్రి మూత్రం బిగిసిపోయి గొట్టం వేయవలసి వస్తుంది. వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు, సెలైన్ అతిగా ఎక్కించినప్పుడు ఇది ఎక్కువ. కొద్దిశాతం మందిలో ద్వారం ఇరుకవడం, కండరానికి గాయమైతే గాలిని ఆపుకోలేకపోవడం కనిపిస్తాయి. ఈ బాధలు తగ్గించాలన్న తపనే 1990ల నాటి రెండు ఆవిష్కరణలకు మూలం.

మొదటిది స్టేప్లర్ పద్ధతి. ఇటలీ శస్త్రవైద్యుడు లోంగో 1998లో దీన్ని ప్రపంచం ముందుంచాడు. జారిన మెత్తను తీసివేయకుండా దాన్ని స్వస్థానానికి ఎత్తి నిలపాలన్నది ఆలోచన. దంతుర రేఖకు కొన్ని సెంటీమీటర్ల పైన, పురీషనాళపు శ్లేష్మపొరలో, సంచి మూతికి తాడు దూర్చినట్టు చుట్టూ ఒక దారం నడిపించి, 33 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి స్టేప్లర్‌ను లోపలికి పంపి, దారాన్ని దాని కాడ చుట్టూ బిగించి, మీట నొక్కుతారు. ఒక వలయం మేర పొర తెగి బయటికి వస్తుంది. అదే క్షణంలో పై అంచూ కింది అంచూ టైటానియం పిన్నులతో కలిసిపోతాయి. మొలలు పైకి లాగబడతాయి, వాటికి వచ్చే రక్తం కొంత తగ్గుతుంది, బయట గాయమే ఉండదు. నొప్పి తగ్గింది, రోగి త్వరగా పనిలోకి వెళ్లగలిగాడు. 2007లో బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ దీన్ని ఒక ఆమోదయోగ్య ప్రత్యామ్నాయంగా సిఫారసు చేసింది. అయితే 2006 నాటి కోక్రేన్ సమీక్ష అప్పటికే, దీర్ఘకాలంలో మొలలు తిరిగి జారడం ఈ పద్ధతిలో ఎక్కువని హెచ్చరించింది.

ఆ హెచ్చరిక ఎంత బరువైనదో 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఇథోస్ పరిశోధన తేల్చింది. బ్రిటన్‌లోని 32 ఆసుపత్రుల్లో, రెండు నుంచి నాలుగు దశల వరకు మొలలున్న 777 మందికి ఎవరికి ఏ ఆపరేషన్ అన్నది యాదృచ్ఛికంగా కేటాయించి, స్టేప్లర్ పద్ధతినీ కోసి తీసివేసే పాత పద్ధతినీ పోల్చారు. మొదటి వారాల్లో స్టేప్లర్ వర్గానికి నొప్పి తక్కువే. కాని 24 నెలల మొత్తం జీవన నాణ్యతను లెక్కగట్టినప్పుడు పాత ఆపరేషన్ చేయించుకున్నవారే మెరుగ్గా ఉన్నారు. మొలలు తిరగబెట్టాయని చెప్పినవారు స్టేప్లర్ వర్గంలో 42 శాతం, పాత పద్ధతి వర్గంలో 25 శాతం. ఖర్చు స్టేప్లర్‌కే ఎక్కువ. మలవిసర్జన తరువాత కూడా ఇంకా ఏదో మిగిలిందన్న వేధింపు స్టేప్లర్ వర్గంలోనే అధికం. అరుదుగానైనా పురీషనాళానికి చిల్లు పడటం, కటి ప్రాంతంలో చీము పట్టడం, స్త్రీలలో పురీషనాళానికీ యోనికీ మధ్య నాళవ్రణం ఏర్పడటం వంటి ప్రమాదాలు ఈ పద్ధతిలో నమోదయ్యాయి. దారం మరీ లోతుగా పోయి కండర పొర కూడా పిన్నుల్లో చిక్కితే ఇవి జరుగుతాయి. ప్రాణాంతకం కాని జబ్బుకు చేసే ఆపరేషన్‌లో ఇటువంటి ప్రమాదాన్ని, ఎంత అరుదైనదైనా, చిన్నగా చూడటం న్యాయం కాదు.

ఈ అంకెల్లోనే మరొకటి గమనించాలి. బంగారు ప్రమాణంగా చెప్పుకునే పాత ఆపరేషన్ తరువాత కూడా నలుగురిలో ఒకరు రెండేళ్లకు మొలలు మళ్లీ వచ్చాయని చెప్పారు. ఇక్కడ తిరగబెట్టడం అన్నది రోగి స్వయంగా చెప్పిన మాట ఆధారంగా లెక్కించినది. రక్తపు చుక్క కనబడినా, వెలుపల చర్మపు మడత మిగిలినా రోగి దాన్ని మొలగానే భావించవచ్చు. వైద్యుడు పరీక్షించి జారడాన్ని మాత్రమే లెక్కించే పరిశోధనల్లో ఈ శాతాలు బాగా తక్కువగా వస్తాయి. ఒక పత్రంలోని శాతాన్ని మరొక పత్రంలోని శాతంతో నేరుగా పోల్చే ప్రచార కరపత్రాలను నమ్మలేకపోవడానికి ఇదే కారణం.

రెండవ ఆవిష్కరణ 1995లో జపాన్ వైద్యుడు మొరినాగా, ఆయన సహచరులు వివరించిన ధమని బంధనం. డాప్లర్ అనే ధ్వని తరంగాల సాధనంతో మొలలకు రక్తం తెచ్చే చిన్న ధమనుల చప్పుడు వింటూ, వాటిని దంతుర రేఖకు పైన ఒక్కొక్కటిగా కుట్టి బిగిస్తారు. రక్తస్రావం దీనితో బాగా తగ్గుతుంది గాని జారడం తగ్గదు కాబట్టి, తరువాతి కాలంలో సాగిన శ్లేష్మపొరను నిలువుగా కుట్టి మడతలుగా పైకి ఎత్తే పనిని కూడా జోడించారు. 2016లోనే వెలువడిన హబుల్ పరిశోధన రెండు, మూడు దశల రోగులు 372 మందిలో ఈ బంధనాన్ని రబ్బరు బ్యాండుతో పోల్చింది. ఏడాది చివర తిరగబెట్టడం బంధనం తరువాత 30 శాతం, బ్యాండు తరువాత 49 శాతం. మొదటి చూపుకు ఇది బంధనం గెలుపులా ఉంటుంది. కాని బ్యాండు వర్గంలో మళ్లీ బ్యాండు వేయవలసి రావడాన్ని కూడా వైఫల్యంగానే లెక్కించారు, ఆ తేడాలో పెద్ద భాగం దానిదే. మత్తు అవసరం లేకుండా, బయటి రోగుల విభాగంలో కొద్ది నిమిషాల్లో అయిపోయే బ్యాండును రెండోసారి వేయడం, ఆపరేషన్ థియేటర్‌లో మత్తిచ్చి చేసే పనితో సమానమైన భారం కాదు. ఫ్రాన్స్‌లో 393 మందిపై జరిగిన లైగాలోంగో పరిశోధన ఈ బంధనాన్ని స్టేప్లర్‌తో పోల్చి, బంధనం తరువాత నొప్పి కొంత తక్కువని, కాని ఏడాది తరువాత మూడవ దశ మొలలు మిగిలినవారు 15 శాతమని, స్టేప్లర్ తరువాత 5 శాతమేనని చూపింది. నాలుగవ దశకు బంధనం ఒక్కటే చాలుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఇటీవల తెలుగు నగరాల్లోని ఆసుపత్రుల బోర్డుల మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపిస్తున్నది లేజర్. 1470 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల డయోడ్ లేజర్ తీగను చర్మం అంచున చిన్న రంధ్రం ద్వారా మొలలోకి దూర్చి, లోపలి రక్తనాళాలను వేడితో ముడుచుకుపోయేలా చేస్తారు. నొప్పి తక్కువ, మరునాడే ఇంటికి. పెద్దగా జారని మొలలకు, రక్తస్రావమే ముఖ్య బాధగా ఉన్నవారికి ఇది ఉపయోగకరమే. ముదిరిన దశల విషయంలో పరిశోధనలు చిన్నవి, అనుసరణ కాలం తక్కువ; జారిన పొరను ఎత్తి నిలపడం గాని, వెలుపలి చర్మాన్ని సరిచేయడం గాని లేజర్ పని కాదు. కోత లేదు, నొప్పి లేదు, మళ్లీ రాదు అని మూడు వాగ్దానాలూ ఒకే బోర్డు మీద రాసినప్పుడు మొదటి రెంటికి కొంత ఆధారం ఉండవచ్చు గాని మూడవదానికి లేదు. అప్పు చేసి వేలకు వేలు కట్టే కుటుంబానికి ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం అన్యాయం. ఇంతకన్నా ఘోరమైనది, గోడల మీద ఆపరేషన్ లేకుండా అని రాయించుకునే అర్హతలేని వైద్యుల చేతి ఇంజెక్షన్. మోతాదూ చోటూ తెలియకుండా పొడిచిన మందు కణజాలాన్ని కుళ్లబెట్టి, ద్వారాన్ని ఇరుకు చేసి, చిన్న జబ్బును పెద్ద ఆపరేషన్‌కు తెస్తుంది.

ఆయుర్వేదంలో మొలలకు సుశ్రుత సంహిత ఔషధం, క్షారం, అగ్ని, శస్త్రం అనే నాలుగు మార్గాలు చెప్పింది. నేటి క్షారసూత్రం ఆ సంప్రదాయానికి చెందినదే. లినెన్ దారానికి జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు కలిపి 21 పూతలు పూసి ఎండబెడతారు. దానితో మొల మొదట్లో బిగించి కడితే కణజాలం క్రమంగా తెగిపోతుంది. భగందరంలో, అంటే మలద్వారపు నాళవ్రణంలో, ఈ దారానికి భారత వైద్య పరిశోధన మండలి పరీక్షల బలం ఉంది. మొలల్లో అంతటి పోలిక జరగలేదు.

విడివిడి పరిశోధనల కన్నా విస్తృతమైన చూపు 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో వచ్చిన జాల విశ్లేషణలో దొరుకుతుంది. మూడు, నాలుగు దశల రోగులపై జరిగిన 98 పరీక్షల్లోని 7,827 మంది వివరాలను ఒకచోట చేర్చి, నేరుగా పోల్చని పద్ధతులను కూడా ఉమ్మడి పద్ధతి ద్వారా పోల్చిన విశ్లేషణ అది. తెరిచిన, మూసిన ఆపరేషన్లలో ఉపద్రవాలు ఎక్కువ, కోలుకోవడం నెమ్మది, తిరగబెట్టడం తక్కువ. స్టేప్లర్‌లోనూ ధమని బంధనంలోనూ నొప్పి తక్కువ, తిరగబెట్టడం ఎక్కువ. ఈ దిశ ఎక్కడా తారుమారు కాలేదు. ఈ ఆధారాల నుంచి తీయగల నిర్ణయం ఇది: బయటే ఉండిపోయిన, వెలుపలి చర్మం కూడా చేరిన నాలుగవ దశ మొలలకు కోసి తీసివేయడమే తగినది, వీలున్నచోట లైగాష్యూర్ వంటి పరికరంతో. మూడవ దశలో, చర్మపు భాగం లేనివారికి, ముఖ్యంగా రోజు కూలి మీద బతుకుతూ మూడు వారాలు మంచం పట్టలేనివారికి, తిరగబెట్టే అవకాశం వివరించి ధమని బంధనాన్నీ పొర ఎత్తి కుట్టడాన్నీ ఎంచుకోవడం సబబే. స్టేప్లర్‌కు మిగిలిన చోటు ఇరుకైనది.

కొన్ని సందర్భాల్లో పద్ధతుల పోలిక కన్నా ముందు రోగిని చూడాలి. జారిన మొల బిగుసుకుని రక్తం గడ్డకట్టి నల్లబడినప్పుడు అత్యవసర ఆపరేషన్ చేయవచ్చు గాని, వాపులో ఎంత చర్మం మిగల్చాలో తెలియక ఎక్కువ కోసే ప్రమాదం ఉంది కాబట్టి అనుభవజ్ఞుల చేతులు కావాలి. కాలేయం గట్టిపడిన రోగిలో కనిపించే ఉబ్బిన సిరలు మొలలు కాకపోవచ్చు. వాటిని కోస్తే రక్తస్రావం అదుపు తప్పుతుంది. పేగులకు దీర్ఘకాలిక వాపు తెచ్చే క్రోన్ వ్యాధి ఉన్నవారిలో గాయం మానకపోవచ్చు. ప్రసవాల్లో కండరం చిరిగిన స్త్రీలలో మెత్తలను ఎక్కువగా తీస్తే ఆపుకునే శక్తి పోవచ్చు. నలభై అయిదు దాటినవారికి రక్తం పడుతుంటే, మొలలు కంటికి కనబడుతున్నా సరే, కొలనోస్కోపీతో పెద్దపేగులో పుండు లేదని తేల్చుకోవాలి. మొలల మందు వాడుతూ నెలలు గడిపి క్యాన్సర్‌తో వచ్చేవారు ప్రతి పెద్దాసుపత్రిలోనూ కనిపిస్తారు.

పాత ఆపరేషన్ నొప్పి కూడా 1937 నాటి నొప్పి కాదు. మత్తులో ఉండగానే మలద్వారానికి వెళ్లే నరాలకు మందు ఇవ్వడం, పారాసిటమాల్‌నూ వాపు తగ్గించే మాత్రలనూ నొప్పి పుట్టకముందు నుంచే వేళకు వేయడం, ఆపరేషన్‌కు ముందు రోజు నుంచే విరేచనం మెత్తబడేలా చూడటం, డిల్టియాజెమ్ లేపనంతో కండరపు బిగుతు తగ్గించడం, ఇవన్నీ కలిస్తే రోగి అనుభవం బాగా మారుతుంది. 1998 నాటి ఒక పరీక్షలో మెట్రోనిడజోల్ మాత్రలు అయిదు నుంచి ఏడు రోజుల మధ్య నొప్పిని తగ్గించాయని తేలింది. మొదటి విరేచనానికి భయపడి అన్నం మానేసే రోగులు మన పల్లెల్లో ఎక్కువ. దానివల్ల మలం గట్టిపడి నొప్పి రెట్టింపవుతుంది గనుక, ఇసబ్‌గోల్, నీళ్లు, కూరలు మానవద్దన్న మాట డిశ్చార్జి కాగితం మీద మాత్రమే కాక వండిపెట్టే మనిషికి కూడా చెప్పాలి. ఏడో రోజు నుంచి పదో రోజు లోపల, కుట్టిన కాడ రాలేటప్పుడు, కొద్దిమందికి ఉన్నట్టుండి రక్తం ధారగా పడుతుంది. అప్పటికి రోగి ఆసుపత్రి నుంచి ఎనభై కిలోమీటర్ల దూరంలోని తన ఊళ్లో ఉంటాడు కాబట్టి, అది జరిగితే రాత్రివేళ ఏ ఆసుపత్రికి, ఏ వాహనంలో వెళ్లాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఇంటికి పంపే ముందే ఇంటివారితో మాట్లాడి తేల్చడం ఆపరేషన్‌లో భాగంగానే సాగాలి.